పన్నెండో గుంత

సిద్రాల నేను పాతిన బోర్డులు పదకొండు.
తవ్విన గుంతలు పన్నెండు.
ఈ లెక్క బల్దియా కాగితంల లేదు.

మస్కట్ నుంచి దక్షిణంగ నాలుగు గంటలు,
కొండ దిగినంక
ఒక పెట్రోల్ బంకు, ఖర్జూర తోటలు, సగం కూలిన కోట.
గోధుమరంగు రేకు మీద తెల్లక్షరాలు,
పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు.
రెండూ నాకు రావు.
బాణం ఎటు చూడాల్నో అది మాత్రం తెలుసు.

చరిత్ర నాకు కొలతల్ల తెలుసు:
రెండడుగుల లోతు, అడుగున్నర వెడల్పు,
మూడు తట్టల కంకర, సంచి సిమెంటు.
కోట ముందు తవ్వితే బొగ్గు వచ్చింది.
పాత బజారుల ఖర్జూరపు గింజలు,
ఎన్నేండ్లవో, ఇంకా గట్టిగనే ఉన్నయి.
బావి కాడ రాయి తప్ప ఏం రాలె,
గడ్డపార మొన వంగింది.
అన్నిటికంటె ఎక్కువ రాత ఆ బోర్డు మీదనే.

సూపర్‌వైజర్ కుంజాలి చదివి చెప్పేటోడు
మలయాళం కలిసిన హిందీల:
"బురుజు. మూడు వందల యాభై ఏండ్లది."
గాడిదను తోలుకపోతున్న ఖల్ఫాన్ తాత ఆగి
పండ్లు లేని నోటితోని నవ్విండు.
"మా నాయిన కట్టిండు దీన్ని,
మిడతలు వచ్చిన ఏడు.
మట్టి మోసింది నేను."
బోర్డు మారలె.
మస్కట్‌ల అచ్చయి వచ్చింది మరి.

తొమ్మిదోది ఫలజ్ కాడ.
కొండ కడుపుల నుంచి నీళ్లు తెచ్చే కాలువ అది.
ఒడ్డున చదును నేల, నడుమ ఒక కట్టె,
చుట్టు వరుసగ రాళ్లు.
కట్టె నీడ ఒక రాయి దాటంగనే
ఒకళ్ల తోటకు మడువ మూసి
ఇంకొకళ్ల తోటకు తీస్తరు.
నీడల గడియారం అని రాసిన రేకును
రోడ్డుకు మంచిగ కనపడాలని
తూర్పు మూలకు పాతినం.

తెల్లారి సూర్యుడు రేకు ఎనక నుంచి లేసిండు.
రేకు నీడ
కట్టెను, రాళ్లను, నాలుగిండ్ల వంతును
ఒక్కతాప మింగింది.

ఖల్ఫాన్ తాత తిట్టలె.
బోర్డు నీడల నిలబడి
చినుకులు పడుతున్నయా అన్నట్టు చెయ్యి చాపి చూసిండు.
"జువైనా నిమ్మచెట్ల వంతు పోయింది" అన్నడు, గంతే.
అప్పుడు తెలిసింది ఈయన ఇక్కడి నీరటి అని.
మా తాత కూడ నీరటే.
తూము కాడ ఒక్క జాము అటిటయితే
కథలాపూర్‌ల కట్టెలు లేస్తుండె.

బోర్డు జరపాల్నంటె మస్కట్‌కు కాగితం రాయాలె.
ఆ కాగితం అందిందని వాళ్లొక కాగితం రాయాలె.
ఆరు నెలలు, అన్నడు కుంజాలి.
ఆ రాత్రి టార్చి పట్టుకొని
తను అక్కడ లేనట్టు నిలబడ్డడు.
నేను, బంగ్లా మొఖ్లేసు సిమెంటు పలగ్గొట్టినం.
కొత్త జాగ తాతనే చూపిండు, ఉత్తరాన.
ఏ నెలల ఎవల నీడ ఎంత పొడుగో
ఆయనకు చీకట్ల కూడ తెలుసు.

కంకర తీస్తుంటే పాత గుంత అడుగున
పచ్చగ ఏదో మెరిసింది.
గాజు ముక్క. చిటికెన వేలంత.
తాత దాన్ని టార్చి ముందట పట్టి
"హింద్" అన్నడు.
ఎవలు తొడుక్కున్నరు, ఎట్ల పగిలింది,
అడగడానికి నాకు వచ్చిన అరబ్బీ సరిపోలె.
జేబుల ఏసుకున్న.
మళ్ల తీసి గుంతల్నే పెట్టి మన్ను కప్పిన.
దాని మీద బోర్డు లేదు.

ఇప్పుడు బాణం తప్పు దిక్కు చూపుతది.
శుక్రారం కార్లల్ల వచ్చినోళ్లు
ఫోన్లు పట్టుకొని నిమ్మచెట్లల్లకు పోతరు,
నీడల గడియారం కోసం దేవులాడుతరు.
జువైనమ్మ వాళ్లకు ఖహ్వా పోస్తది,
రెండేసి నిమ్మకాయలు చేతుల పెడ్తది.
ఒకామె చెట్టు నీడను ఫొటో తీసుకున్నది.

పన్నెండో గుంత మీద
కాలువ తడికి గడ్డి మొలిచింది.
ఖల్ఫాన్ తాత గాడిద
రోజు అక్కడ ఆగుతది.